డిక్కీ మూస్తే ఆగిపోయే వైపర్

వైపర్ బాగానే పనిచేస్తోంది. అదే నా ప్రాబ్లం.

పనిచెయ్యకపోతే ఏదో ఒకటి విప్పి చూడొచ్చు. పనిచేసేదాన్ని ఏం విప్పుతాం? బండాయనేమో పనిచెయ్యట్లేదంటాడు. నేను చూస్తే టకటకా తిరుగుతుంది. ఆయన చూస్తే చచ్చినట్టు పడుంటుంది. పొద్దున్నించి ఇదే. బుర్ర వేడెక్కిపోయింది.

ఆగండి, మొదట్నించి చెప్తా.

మాది నర్సీపట్నం. చింతపల్లి వెళ్లే రోడ్డు మీద సన్యాసిరావు గారని, కార్లకి ఎలక్ట్రికల్ పని చేస్తారు. నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నా. నా పేరు నూకరత్నం. రత్నం అనండి చాలు, మొత్తం పిలిస్తే పలకను. షాపులో అమ్మాయిని నేనొక్కదాన్నే. ఫ్యూజు దగ్గర్నించి సెల్ఫ్ మోటారు దాకా చకచకా చేసేస్తా, ఈ మాట నేనే కాదు అందరూ అంటారు. ఎక్కువ నేనే అంటా, సరే.

గురువుగారికీ మాటలకీ పడదు. పని నేర్పమంటే "సూడు" అంటారు. ఏం చూడాలో చెప్పరు. నా సీనియర్ గోవింద ఆ ఒక్క మాట మీదే పెరిగి పెద్దవాడైపోయాడు.

ఆ రోజు పొద్దున్న వానలో బొంజుబాబు గారని ఒకాయన బండి తెచ్చాడు. ఆయనది కొండ మీద, చింతపల్లి దాటాక ఇంకా లోపలికి. మిరియాలు, కాఫీ వేస్తాడు. బండి నాకంటే వయసులో పెద్దది. వెనక డోరు పైకి లేస్తుంది కదా, ఆ టైపు. ఆ డోరు గ్లాసుకి ఉండే చిన్న వైపరు తిరగట్లేదట.

ఆయన బండిలో వచ్చాడు. ఆయన భార్య కాసులమ్మ గారు, చంకలో చిన్న పాప, ఇద్దరూ సర్వీసు జీపులో వచ్చారు. ఒకే ఇంట్లోంచి ఒకే షాపుకి రెండు బళ్లా? నాకు అర్థం కాలేదు. అడిగేశా. గోవింద నా కాలు తొక్కాడు, అయినా అడిగేశా.

కాసులమ్మ గారే చెప్పింది. వాళ్లింటికి రోడ్డు లేదు, ఏటవాలు బాట. బండి తిప్పుకోడానికి చోటుండదు, కాబట్టి కింద నించి ఇంటి దాకా రివర్సులోనే ఎక్కాలి. ఒక పక్క కొండ, ఇంకో పక్క గెడ్డ. గెడ్డ అంటే మామూలప్పుడు చిన్న కాలవే, వానల్లో మనిషిని లాక్కుపోతుంది. పోయిన వారం వానలో ఇలాగే వెనక్కి ఎక్కుతుంటే సగంలో వైపరు ఆగిపోయింది. గ్లాసు నిండా బురద. వెనక చక్రం ఒకటి అంచు దాటి గాల్లో వేలాడింది. లోపల ఈవిడ, పాప. ఊళ్లోవాళ్లు తాళ్లేసి లాగారు.

అప్పట్నించి ఆవిడ ఆ బండెక్కలేదు.

ఆవిడ గురువుగారి మొహం మీదే చెప్పేసింది. "ఈరోజు బాగయితే సరి. నేకపోతే పాత ఇనప సామాన్ల కొట్టు మీ ఈదిలోనే ఉంది కదా. అక్కడ ఒదిలేసి ముగ్గురం జీపెక్కుతాం."

బొంజుబాబు గారు బండి మీద చెయ్యేసి అలా నించున్నాడు. ఆ బండి పోతే మిరియాల బస్తాలు సంతకి నెత్తి మీదే మొయ్యాలి, అది ఆయన చెప్పక్కర్లేదు.

గురువుగారు నా వైపు తిరిగారు. "రత్నం, సూడు."

అంటే మొత్తం పని నాదే. గోవిందకి కాదు, నాకు. ఇలా ఎప్పుడూ ఇవ్వలేదు. లోపల ఎగిరి గంతేశా, పైకి మాత్రం చాలా పెద్ద మనిషిలా టూల్స్ తీశా.

ముందు ఫ్యూజు చూశా, బాగుంది. వెనక్కెళ్లి డిక్కీ డోరు లేపా. లోపలి అట్ట విప్పితే మోటారు కనపడుతుంది. బొంజుబాబు గార్ని స్విచ్ వెయ్యమన్నా.

వైపరు తిరిగింది. హాయిగా, అటూ ఇటూ.

స్విచ్ తిప్పడం వచ్చా అసలు మీకు అని అడిగా. పాపం కోప్పడలేదు. బండి కొన్నప్పట్నించి నేనే తిప్పుతున్నానమ్మా అన్నాడు. సరే ఎక్కడో లూజుంటుందిలే అని మోటారు దగ్గర పిన్నులు గీకి శుభ్రం చేసి, అట్ట బిగించి, డోరు మూసి, ఐపోయింది అని ప్రకటించేశా.

ఆయన జంక్షన్ దాకా వెళ్లొచ్చాడు. దిగి, నా మొహం చూడకుండా నేల చూస్తూ చెప్పాడు. తిరగట్లేదట.

డోరు లేపా. స్విచ్ వేశా. తిరుగుతోంది.

ఆయన కూడా నోరు తెరుచుకుని చూశాడు. కాసులమ్మ గారు బెంచీ మీంచి చూస్తోంది. నవ్వలేదు గానీ, నవ్వినా బాగుండేది.

"నీకు భయపడతందే అది," అన్నాడు గోవింద. "నువ్వు కూడా ఆళ్లతో కొండెక్కి ఎనక సీట్లో కూకో. జన్మలో ఆగదు."

వాడితో తర్వాత చూసుకోవచ్చని ఆలోచించడం మొదలెట్టా. కాసేపు తిరిగి ఆగిపోతోంది అంటే మోటారు వేడెక్కుతోందన్నమాట. లోపల బ్రష్షులు అరిగుంటాయి. కచ్చితంగా అంతే. మోటారు ఊడదీసి, ముక్కలు ముక్కలు చేసి, పెట్రోలుతో కడిగి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగించా. చేతులన్నీ నల్లగా, జడ కూడా. గురువుగారు అవతల ఒక లారీ హారను బాగుచేస్తున్నారు. ఒక్కసారి కూడా ఇటు చూళ్లేదు.

స్విచ్ వేస్తే వైపరు ఇందాకటి కంటే స్పీడుగా తిరిగింది. సూపర్ అనుకుని డోరు మూశా.

ఆగిపోయింది.

లేపా. తిరిగింది. మూశా. ఆగింది. గట్టిగా దభీమని మూశా. ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి ఆగింది.

మోటారు కొత్తది పడుతుందేమో, విశాఖపట్నంలో వెతకాలి, ఇంత పాత బండికి దొరుకుతుందో లేదో అని ఏదేదో వాగేశా. నాకే తెలుసు అది మోటారు కాదని. ఇంకేం చెప్పాలో తెలీక వాగా. కాసులమ్మ గారు లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. బొంజుబాబు గారు మాత్రం, ఒక్కసారి మళ్లీ సూడమ్మా, అన్నాడు. ఆ మాట అనకుండా తిట్టినా బాగుండేది.

అప్పుడు నాకు నిజంగా పిచ్చెక్కింది. వెళ్లి గురువుగారి ముందు నించుని ఒక్క గుక్కలో మొత్తం కక్కేశా. ఇదేం జబ్బు గురువుగారూ, డోరు తీస్తే ఉండదు, మూస్తే వస్తుంది. చూడాలంటే తియ్యాలి. తీస్తే చూడ్డానికేం ఉండదు. మూస్తే జబ్బు లోపల, నేను బయట. సూడు సూడు అంటారు, దీన్ని ఎట్నించి చూడాలి? రోడ్డు అవతల టీ కొట్టు వాళ్లు కూడా తిరిగి చూశారట, గోవింద చెప్పాడు.

గురువుగారు హారను పక్కన పెట్టారు.

"టెస్ట్ లైటు ఉందా?"

ఉంది. చేతిలోనే ఉంది. కరెంటు వస్తే వెలిగే చిన్న బల్బు, ఒక సూది, ఒక క్లిప్పు, అంతే అది.

"ఎక్కు."

ఎక్కడికని చూస్తే డిక్కీ చూపించారు. ఏదో చూపిస్తారేమోనని ఎక్కి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నా.

ఆయన డోరు మూసేశారు. నేను లోపలే ఉన్నా.

గురువుగారూ అన్నా. గోవిందా అన్నా. ఎవరూ తియ్యలేదు. డోరు మీద కొట్టా. పైన వాన చప్పుడు. బురద గ్లాసులోంచి టీ రంగు వెలుతురు పడుతోంది. ముందు సీట్లోంచి ఆయన గొంతు వినిపించింది, "స్విచ్ ఏసేను." మళ్లీ ఏం లేదు.

కాసేపు తిట్టుకున్నా. తర్వాత ఏం చెయ్యాలో తెలీక లైటు క్లిప్పు బాడీ బోల్టుకి తగిలించి, సూది మోటారు దగ్గర ఎర్ర వైరుకి గుచ్చా.

వెలగలేదు. అంటే మోటారు దాకా కరెంటే రావట్లేదు.

ఆ డోరుని నేను పొద్దున్నించి నెత్తి మీదే చూశా. ఇప్పుడు మొహానికి ఎదురుగా ఉంది. ఎర్ర వైరు పట్టుకుని వేలితో పైకి వెళ్లా. డోరు పై అంచు దగ్గర వైర్లన్నీ ఒక రబ్బరు గొట్టంలో దూరి బండి టాపులోకి వెళ్తాయి. డోరు తీసినప్పుడు ఆ గొట్టం తిన్నగా సాగి ఉంటుంది. ఇప్పుడు మోచెయ్యిలా మడత పడి ఉంది.

మడత మీద బొటనవేలితో నొక్కా. లైటు వెలిగింది.

వదిలా. ఆరిపోయింది.

మళ్లీ నొక్కా. లైటు వెలిగింది, నా కళ్ల ముందు గ్లాసు మీద వైపరు ఒక్క చుట్టు తిరిగి బురదని ఇటునించి అటు నెట్టింది. ఆ సందులో కాసులమ్మ గారు కనిపించింది. సంచీ భుజానికే ఉంది. గ్లాసు దగ్గరికొచ్చి వంగి లోపలికి చూస్తోంది.

అరుద్దామనుకున్నా. ఎందుకో అరవలేదు. నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. కాసేపు అలాగే కూర్చున్నా.

డోరు తీశాక నేను అడిగిన మొదటి మాట, మీకు ముందే తెలుసా అని.

"తెల్దు."

"మరి నన్ను లోపల పెట్టి ఎందుకు మూశారు?"

"నువ్వు అరుత్తన్నావు," అన్నారు.

గోవింద నవ్వి నవ్వి స్టెప్నీ మీద కూలబడ్డాడు. గురువుగారి మొహంలో నవ్వు లేదు. అది జోకో నిజమో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. అడిగితే మళ్లీ అదే చెప్తారని భయం.

సరే, గొట్టం ఒక పక్క ఊడదీశా. ఎర్ర వైరు పైన తొడుగు చెక్కు చెదరలేదు. వంచి చూస్తే లోపల రాగి తెగిపోయి ఉంది. డోరు లేపితే వైరు తిన్నగా అయ్యి రెండు ముక్కలు ఒకదానికొకటి తగులుతున్నాయి, మూస్తే విడిపోతున్నాయి. ఇదంతా బొంజుబాబు గారికి పెద్ద గొంతుతో క్లాసు పీకా. ఆయన ప్రతి మాటకీ తలూపాడు. తెగిన చోట కోసి, కలిపి, టంకం వేసి, పైన తొడుగు ఎక్కించా.

పక్కనే నల్ల వైరు ఉంది. ఎర్త్ వైరు. అది కూడా సరిగ్గా అదే మడత దగ్గర పగిలి, పచ్చబడిన రాగి కనిపిస్తోంది. తెగలేదు. సగం పోగులున్నాయి. వేలితో కదిపి చూశా. పనిచేస్తోంది కదా అనుకున్నా. వాళ్లు మంచు పట్టకముందు ఘాటీ రోడ్డు ఎక్కాలి. గొట్టం మళ్లీ లాగి దూర్చేశా.

డోరు మూశా. వైపరు తిరిగింది. మూసినా తిరుగుతోంది. బొంజుబాబు గారి మొహం వెలిగిపోయింది.

కాసులమ్మ గారు ఒక్కటే అడిగింది, కొండ మీద కూడా తిరుగుద్దా అని. ఎక్కడైనా తిరుగుద్దండీ అన్నా.

గురువుగారు లేచి వచ్చారు. "ఐపోయిందా?"

"ఐపోయింది గురువుగారూ."

ఆయన రోడ్డు పక్కకెళ్లి వంగి రెండు చేతుల్తో బురద తీశారు. తెచ్చి వెనక గ్లాసు మీద కొట్టారు. నేను ఇందాకే తళతళలాడేలా తుడిచిన గ్లాసు. మళ్లీ వెళ్లి మళ్లీ తెచ్చారు. గ్లాసు మొత్తం గోడకి మట్టి మెత్తినట్టు మెత్తేశారు. నాకేం అర్థం కాలేదు. గోవిందకీ కాలేదు, వాడి నవ్వు ఆగిపోయింది.

షాపు వెనక ఇటుక గోడ ఉంది. గురువుగారు వెళ్లి ఆ గోడకి వీపు ఆనించి, బండికి సరిగ్గా వెనక నించున్నారు.

"బొంజుబాబూ, ఎనక్కి రానియ్. పక్క అద్దాలు సూడకు. గ్లాసులోంచి నేను కనపడితే ఆగు."

ఆయన స్టీరింగు దగ్గరే బిగుసుకుపోయాడు. వద్దు మేస్త్రి గారూ, మీరు పక్కకి రండి అని బతిమాలాడు.

"రత్నం ఐపోయిందంది కదా," అన్నారు గురువుగారు.

బొంజుబాబు గారు కిటికీలోంచి నా వైపు చూశాడు. నేను తలూపా అనుకుంటా. గుర్తు లేదు.

రివర్స్ గేరు పడింది. వైపరు కదిలింది. బురద బరువుగా ఉంది, మెల్లిగా ఒక చుట్టు తిరిగింది. పనిచేస్తోంది. నేను చేసిన టంకం బాగానే ఉంది. కానీ నాకు ఎర్ర వైరు గుర్తు రావట్లేదు. ఆ నల్ల వైరే కళ్ల ముందు ఉంది. సగం పోగులు. ఇప్పుడు తెగదులే. ఇప్పుడే ఎందుకు తెగుతుంది? ఇప్పుడు కాకపోతే ఎప్పుడు తెగుతుంది? ఎక్కడ తెగుతుంది?

బండి ఒక అడుగు కదిలింది.

టాపు మీద చేత్తో గట్టిగా కొట్టా. ఆపండి అన్నా.

ఆగింది. ఎందుకని ఎవరూ అడగలేదు. గురువుగారు గోడ దగ్గర్నించి వచ్చి, చేతులు కడుక్కుని, లారీ హారను ముందేసుకుని కూర్చున్నారు. తిట్టినా అర్థమయ్యేది.

డోరు లేపి ఈసారి గొట్టం మొత్తం బయటికి లాగేశా. ఎర్రది, నల్లది, నంబరు ప్లేటు లైటుది, అన్నీ అదే మడత దగ్గర ఏదో ఒక లెక్కన పాడయ్యాయి. మడతకి రెండు పక్కలా అన్నీ కోసేశా. మెత్తటి కొత్త వైర్లు కాస్త పొడుగ్గా వేశా. అతుకు ఒక్కటి కూడా మడతలో లేకుండా టాపు లోపలికి జరిపా. చాలా టైం పట్టింది. వాన జల్లు డిక్కీలోకి కొడుతోంది.

కాసులమ్మ గారు పాపని బొంజుబాబు గారికిచ్చి వచ్చింది. నా పక్కన నించుని గొడుగు పట్టింది. ఏ వైరు దేనికని అడిగింది, చెప్పా. ఈసారి మెల్లిగానే చెప్పా.

తర్వాత ఆవిడే అంది. "ఆ రోజు గెడ్డ సప్పుడు నాకు ఇనపడింది. ఎనక దారి కనపడతందా అని అడిగేను. కనపడతంది అన్నాడు."

బొంజుబాబు గారు అటు తిరిగి పాపకి లారీ చూపిస్తున్నాడు.

టంకం పొగ కళ్లలోకి పోతోంది.

పని అయ్యాక డోరు ఆవిడ్నే మూయమన్నా. ఆవిడ మూసింది. తీసింది. మూసింది. మొదట మామూలుగా, తర్వాత ఆ డోరు మీద ఏదో కోపం ఉన్నట్టు దభీ దభీమని. బండి మొత్తం ఊగింది. వైపరు ఆగలేదు. ఆవిడకి చెయ్యి నొప్పెట్టేదాకా వేయనిచ్చా.

గురువుగారు అడుగుతారేమో అని చూశా. ఆయన ఇటు తిరగలేదు. హారను ఒకసారి బయ్యిమని మోగించి, బాలేదని మళ్లీ విప్పుతున్నారు.

ఐపోయింది అందామని నోరు తెరిచి మూసేశా.

రోడ్డు పక్కకెళ్లి బురద తెచ్చా. చల్లగా, రాళ్లతో, ఛీ. గ్లాసు మొత్తం మెత్తా. వెళ్లి ఆ ఇటుక గోడకి ఆనుకుని నించున్నా.

బొంజుబాబు గారు పాపని ఆవిడకిచ్చి బండెక్కాడు గానీ స్టార్ట్ చెయ్యలేదు.

కాసులమ్మ గారు నన్ను చూసింది. ఏమనుకుందో తెలీదు. పాపని గోవింద చేతికిచ్చి, పక్క డోరు తీసుకుని, వెనక సీట్లోకి ఎక్కి కూర్చుంది. తలుపు వేసుకుంది.

బండి స్టార్టయ్యింది. నాకు బురద గ్లాసు తప్ప ఏం కనపడట్లేదు. ఇంజను చప్పుడు దగ్గరికొస్తోంది. పొగ గొట్టం వేడి కాళ్లకి తగులుతోంది. ఇంకా దగ్గరికి.

వైపరు లేచింది. బురదని నెట్టుకుంటూ ఒక పక్కనించి ఇంకో పక్కకి వెళ్లింది. తుడిచిన చోట కాసులమ్మ గారు. సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, నన్నే చూస్తోంది.

చెయ్యెత్తింది. బండి ఆగింది.